మన పాటకు ఉచిత ప్రకటన



దాచేపల్లి, గురజాల ప్రాంతాల సంఘాల్లో పాట వ్రాసి, బాణీ కట్టి పాడగల యువతకు కొదువ లేదు. వారిలో కొందరు ఇంట్లో మిర్చి అమ్మిన డబ్బు కొంత అడిగి, చాలకపోతే అప్పు చేసి స్టూడియోలో రికార్డింగు చేయిస్తున్నారు. ఆ మీదట పాట ఎవరి చెవిన వేయాలో తోచదు. ఇంటర్నెట్టులో పైసా ఖర్చు లేకుండా ప్రకటన ఇవ్వవచ్చు గదా అని పిల్లలు అడిగితే పెద్దలు ఏమి చెప్పాలి?

ఇవ్వవచ్చు. అయితే ఉచిత ప్రకటనలు చూచేవారు పాట కోసం వెదకరు, తమ అవసరం కోసం వెదకుతారు. 1995లో అమెరికాలో క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన తన ఊరిలో జరిగే కార్యక్రమాలను స్నేహితులకు ఈమెయిలు ద్వారా తెలుపసాగాడు. అదే క్రెయిగ్స్‌లిస్ట్ అనే పెద్ద ప్రకటనల సంస్థ అయింది. మన దేశంలో ఓఎల్ఎక్స్ వంటివి కూడా ఆ కోవకు చెందినవే. కాబట్టి “మా కొత్త పాట వినండి” అని వేస్తే ప్రయోజనం తక్కువ. ఇలా వ్రాయండి:

“దాచేపల్లి. క్రైస్తవ వివాహములకు, గృహ ప్రార్థనలకు పాటలు పాడబడును. ఇద్దరు గాయకులు, కీబోర్డు, తబలా. నడికుడి, పిడుగురాళ్ల, గురజాల వరకు వచ్చెదము. రుసుము ముందుగా తెలుపబడును.”

దాని క్రింద యూట్యూబులో మీ పాట ఉన్న చోటు ఇవ్వండి. పెండ్లికి గాయకులు కావలసినవారు మీ పాట తప్పక విని చూస్తారు. క్రిస్మస్ కార్యక్రమాలకైతే నవంబరులోనే ప్రకటన వేయాలి.

యూట్యూబులో పాట పెట్టడానికి రుసుము లేదు. కాని ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు, దానితోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ వంటి షరతులు ఉన్నాయి. ఆ ఆదాయాన్ని నమ్ముకొని అప్పు చేయకండి. గోపురము కట్టగోరినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనే ఉపమానం మనకు తెలిసినదే.

సినిమా బాణీకి మన మాటలు పెట్టి పాడితే యూట్యూబు దానిని పసిగట్టగలదు. ఆదాయం బాణీ హక్కుదారులకు పోవచ్చు, పాటనే తీసివేయవచ్చు. మన చట్టం ప్రకారం కవి మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలను ఎవరైనను పాడి రికార్డు చేయవచ్చు. ఇటీవల ఇతరులు చేసిన రికార్డింగును మాత్రం వాడరాదు.

మరొక హెచ్చరిక. ప్రకటన చూచి ఫోను చేసి, “అడ్వాన్సు పంపుతాము, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి” అనేవారు ఉంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. ఆడపిల్లలు పాడే బృందమైతే ఇంటి పెద్దల నంబరు ఇవ్వండి.

తల్లిదండ్రులారా, పిల్లలను నిరుత్సాహపరచకండి. ముందు ఆ పాటను ఆదివారం సంఘంలో పాడించండి. పదిమంది దానిని ఇంటికి వెళ్తూ పాడుకుంటే, అప్పుడు రికార్డింగు సంగతి ఆలోచించండి. చౌదరిగారి కీర్తనలు సంఘాల నోట నిలిచినందువల్లనే నేటికీ మన మధ్య ఉన్నాయి.