నెపం జన్యువులది, బాధ్యత పాలకులది

మధుమేహం, డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి వేర్వేరు జబ్బులన్న అభిప్రాయం చాలాకాలం కొనసాగింది. మధుమేహం ఉన్న వృద్ధులకు డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపని 1999లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం వెల్లడించింది. హవాయి దీవులలోని జపాన్ సంతతి పురుషులపై జరిపి 2002లో ప్రకటించిన పరిశీలనలో, మధుమేహంతోపాటు ఏపీఓఈ-4 అనే జన్యురూపం కూడా ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు, రెండూ లేనివారికంటే సుమారు అయిదున్నర రెట్లు అధికమని తేలింది. ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమే అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను కూడా విచ్ఛిన్నం చేయగలగడం గమనార్హం.

అంతమాత్రాన దీనిని తలరాతగా భావించడం సరికాదు. టీసీఎఫ్7ఎల్2 జన్యువుకు భారతీయుల మధుమేహంతో గట్టి సంబంధమున్నదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న అధ్యయనం 2007లో తెలియజేసింది. అయితే మధుమేహ జన్యువులే నేరుగా అల్జీమర్స్‌కు దారితీస్తాయని జన్యు పరిశీలనలు చాలావరకు నిర్ధారించలేకపోయాయి. అదుపు తప్పిన చక్కెర, రక్తపోటు మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తాయన్నది మాత్రం నిర్వివాదం. జన్యువులను మార్చడం సాధ్యం కాదు. చక్కెరను అదుపు చేయడం సాధ్యమే. నివారించదగిన 14 కారణాలను తొలగిస్తే డిమెన్షియా కేసులలో సుమారు 45 శాతాన్ని అరికట్టడమో, వాయిదా వేయడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొన్నది. వాటిలో మధుమేహం ఒకటి.

దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్లమంది, డిమెన్షియా ఉన్న వృద్ధులు 88 లక్షలమంది అని 2023లో వెలువడిన అంచనాలు చెబుతున్నాయి. 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం శివారులోని బతు బస్తీ వంటి చోట్ల ఈ సమస్యకు మరో కోణం ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగువారు సుమారు 13 శాతం. జ్ఞాపకశక్తిని అంచనా వేసే ప్రశ్నలు రోగి మాతృభాషలో, బడి ముఖం చూడనివారికి సైతం బోధపడేలా లేకపోతే ఫలితం తప్పుతుంది. వేసుకున్న ఇన్సులిన్ సంగతి మరచి మళ్లీ వేసుకునే వృద్ధునికి చక్కెర పడిపోయి ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

కాబట్టి ఖరీదైన జన్యు పరీక్షలకన్నా ముందు, రక్తపుచుక్క తీసే ఆరోగ్య కేంద్రంలోనే మధుమేహమున్న వృద్ధులను నాలుగు జ్ఞాపకశక్తి ప్రశ్నలు తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ తదితర భాషలలో అడిగే ఏర్పాటు చేయాలి. మందులు వేళకు ఇచ్చే బాధ్యతను కుటుంబంలో ఒకరికి అప్పగించేలా చూడాలి. ఇందుకు కావలసింది కోట్ల నిధులు కాదు, పాలనాయంత్రాంగం శ్రద్ధ.