రామప్ప రాతికి రెసిన్ పూత వద్దు, ముందు పరీక్ష కావాలి

పాలంపేట రామప్ప గుడి ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు సలహా ఇస్తారు: శిల్పాలకు పారదర్శకమైన రెసిన్ పూత వేయండి, ఎండావానల బెడద తీరిపోతుందని. ఆరిన పూత బిగుసుకుపోయి ఇక కదలదన్న నమ్మకమే ఈ సలహాకు ఆధారం. ఆ నమ్మకం తప్పు.

రెసిన్ ఒక పాలిమర్; పాలిమర్ అంటే పొడవాటి అణుగొలుసుల ముద్ద. ఆరాక కూడా అవి కదులుతూనే ఉంటాయి, వేడిని బట్టి హెచ్చుతగ్గులుంటాయి, అంతే. రాతి పరిరక్షణలో ప్రపంచమంతా వాడే పారలాయిడ్ బి-72 అనే రెసిన్ సుమారు 40 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. ములుగు ప్రాంతంలో మే నెల ఎండ ఆ హద్దు దాటుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో మదనికలనే స్త్రీ శిల్పాలు నల్లరాతివి. ఎండ తగిలితే నల్లరాయి గాలికంటే ఎక్కువే కాగుతుంది. మెత్తబడ్డ పూత దుమ్మును పట్టుకుంటుంది.

పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే మరో రెసిన్ వాడితే సరి, దాని హద్దు 105 డిగ్రీలు కదా అంటారు. అది శుద్ధమైన ముద్ద లెక్క. రెసిన్‌ను కరిగించడానికి వాడి, పూతలో మిగిలిపోయిన టోలుయీన్ ఆ హద్దును కిందికి లాగుతుంది.

చేతికి అంటడం లేదు కాబట్టి పూత గట్టిదే అనడం సరిపోదు. లోపలి కదలికను పట్టిచ్చే పద్ధతి ఉంది: స్పిన్ లేబుల్. 1965లో హార్డెన్ మెకానెల్ బృందం జీవ అణువుల అధ్యయనం కోసం దీన్ని ప్రవేశపెట్టింది. జతలేని ఎలక్ట్రాన్ ఉన్న నైట్రాక్సైడ్‌ను గొలుసుకు రసాయనికంగా తగిలించి, అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్‌లతో ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్) పటం తీస్తారు. గొలుసు బిగుసుకుని ఉంటే పటంలో చివరి శిఖరాల ఎడం 65-70 గాస్ ఉంటుంది. చురుగ్గా తిరుగుతుంటే అది సగానికి తగ్గి, మూడు సన్నని గీతలు మిగులుతాయి. ఎడం 50 గాస్‌కు దిగే ఉష్ణోగ్రతను గుర్తుగా తీసుకుంటారు. అది మెత్తబడే హద్దుకంటే పైనే ఉంటుంది కనుక రెండూ కలిపి చదవాలి.

మెత్తబడే హద్దు ఒక్కటే కొలిస్తే చాలదా అంటే, చాలదు. ముద్దను వేడిచేసి తీసే కొలత ఒకే సగటు అంకె ఇస్తుంది. రాతికి అతుక్కున్న గొలుసులు నెమ్మదిగా, పైనున్నవి వేగంగా కదులుతుంటే, ఆ రెండు జాడలూ ఈఎస్ఆర్ పటంలో ఒకేసారి కనిపిస్తాయి. పూత ఎక్కడ పట్టు వదులుతుందో వెతకడం అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

ఇదంతా విదేశీ ప్రయోగశాలల వ్యవహారం అనడమూ కుదరదు. వికిరణం సోకిన పాలిమర్లపై ఈఎస్ఆర్ పరిశోధన పత్రాలు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం నుంచే వచ్చాయి. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడికి ఆ పాటి శ్రద్ధ దక్కాలి. క్వారీలో దొరికే అదే జాతి రాతి ముక్కలపై లేబుల్ తగిలించిన రెసిన్ పూసి, 20 నుంచి 60 డిగ్రీల దాకా, పొడిగానూ తడిగానూ కొలవండి. ఆ పటాలు చూపించేదాకా శిల్పాల మీద కుంచె పెట్టొద్దు.