సాన్ హోసే నగరమున ఒంటరి సంచారము



క్రిందటి మాసమున ఆవకాయజాడీల సంగతి ముగించుచు, ఈసారి దూరదేశపు ముచ్చట చెప్పెదమని మాట యిచ్చియుంటిమి. మధ్య అమెరికాలో కోస్తా రికా యను చిన్న దేశము కలదు. ఒక ప్రక్క పసిఫిక్ మహాసముద్రము, మఱియొక ప్రక్క కరిబియన్ సముద్రము, నడుమ కొండలు. ఆ కొండల నడిమి లోయలో, సముద్రమట్టమునకు సుమారు 1,150 మీటర్ల యెత్తున దాని రాజధాని సాన్ హోసే యున్నది. 1823లో అది రాజధాని యాయెను. మా చెల్లెలి భర్త ఉద్యోగము అచ్చట నగుటచేత దాని పురుటికి మేము పోవలసివచ్చినది. మేమని వ్రాయుచున్నాము గాని పోయినది మేమొక్కరమే. మావారికి బడి, పరీక్షలు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు.

"అంత దూరము ఒంటరిగా ఎట్లు పోయెదవమ్మా?" అని అత్తగారు దిగులుపడిరి. మావారు దేశపటమును బల్లపై పరచి, వ్రేలితో ఆ చోటు చూపి, "దారి తెలియనిచోట అడుగవలెను, అంతే" అని యూరకుండిరి. అడుగుటయట! ముప్పదియైదేండ్లు వచ్చువఱకు మేమెన్నడును పరాయివారిని దారి యడిగి యెఱుగము. బజారునకు తోడు, పుట్టింటికి తోడు; అడుగవలసివచ్చిన మగవారడుగుదురు, మేము వెనుక నిలుచుందుము. విమానములు రెండుచోట్ల మారితిమి గాని, అచ్చటి ఫలకములు చదువుకొని నోరు విప్పకుండగనే చేరితిమి. మన గడియారమునకు పదకొండున్నర గంటలు వెనుకబడిన ఊరది. మూడు దినములు పగలేదో రాత్రియేదో తెలియలేదు.

పురుడు అనుకొన్నదానికంటె పండ్రెండు దినములు జరిగినది. చెల్లెలు నడువరాదని వైద్యులు చెప్పిరి. మఱిదిగారికి సెలవు లేదు. "అక్కా, ఇంట కూర్చుండి నా మొగము చూచుటకా వచ్చితివి? పోయి ఊరు చూచి రమ్ము" అని చెల్లెలే తఱిమినది. ఇట్లు మా సంచారము మొదలాయెను.

మొదట జాతీయ నాటకశాలకు పోయితిమి. ఎగుమతియగు కాఫీపై పన్ను వేసి, ఆ ధనముతో కట్టనారంభించి, 1897లో తెఱచిన భవనమది. మెట్లపైని కప్పున నొక పెద్ద చిత్రము కలదు. కాఫీకోతయు అరటిగెలల మోతయు అందలి విషయము. వ్రాసినది ఇటలీ దేశపు చిత్రకారుడు అలెయార్దో విల్లా. ఆ దేశమును చూడకయే వ్రాసెనని చెప్పుదురు. చూచిన మాకును అట్లే తోచినది: కొండలలో పండవలసిన కాఫీ సముద్రపుటొడ్డున పండినది, నడుమనున్న మనుష్యుడు అరటిగెలను పట్టరాని రీతిగా పట్టినాడు. మా కోనసీమలో పదేండ్ల పిల్లవాడైనను అట్లు పట్టడు. తప్పు తెలిసియు దానిని దాచక, ఒకప్పటి యైదు కొలోనుల నోటుపై ముద్రించుకొన్న ఆ జనుల నిబ్బరము మాకు నచ్చినది.

జాతీయ పురావస్తుశాల యొకప్పుడు సైనికుల కోట. 1948లో ఆ దేశమున అంతర్యుద్ధము జరిగినది. ఆ సంవత్సరమే సైన్యమును రద్దుచేసి, 1949 నాటి రాజ్యాంగములో ఆ సంగతి వ్రాసికొనిరి. కోటగోడలపై గుండ్లు తగిలిన గుంటలు నేటికిని కలవు. పూడ్పింపక యుంచినారు.

1880లో వెలసిన మెర్కాదో సెంత్రాల్ అను బజారులో మేమొక పూటయంతయు గడపితిమి. లోన సందులు, సందులలో సందులు. అందలి పూటకూళ్ల యంగళ్లను 'సోదా' లందురు. మన గోలీసోడా యని భ్రమపడి మేము దప్పికకు వెదకితిమి. అన్నము, నల్ల చిక్కుడుగింజలు, వేచిన అరటిపండు, కోసుకూర ఒకే పళ్లెరమున పెట్టుదురు. దాని పేరు 'కసాదో', అనగా పెండ్లియైనవాడు! మాంసము వలదనుటకు 'సిన్ కార్నె' యన్న చాలును. ఇంకొక యంగటిలో మేము చూచి నిలిచిపోయిన వస్తువు బెల్లము. అచ్చముగా మన బెల్లమే, అచ్చున పోసిన దిమ్మ. వేడినీళ్లలో కరగించి త్రాగుదురు. అంత దూరమున ఆ వాసన తగిలినంతనే, ఎవరును చూడకుండ కన్నులు తుడుచుకొంటిమి.

ఇక అసలు కథ. ఆ నగరమున ఇంటినెంబరు చెప్పు వాడుక తక్కువ. వీథులకు సంఖ్యలు లేకపోలేదు. తూర్పుపడమరలుగా పోవునవి 'అవెనీదా'లు, ఉత్తరదక్షిణములుగా పోవునవి 'కాయె'లు. 2012లో నామఫలకములును పెట్టింపసాగిరి. అయినను "గుడికి ఉత్తరముగా రెండువందల మీటర్లు, తూర్పుగా ఏబది, నీలపు గేటు" అనుటయే వారి విలాసము. నూఱు మీటర్లనగా కొలత కాదు, ఒక మలుపునుండి మఱు మలుపువఱకు. అది ఎనుబదియైనను నూటయిరువదియైనను వారికి నూఱే. పైగా, గుర్తుగా చెప్పు వస్తువు ఇప్పుడుండనక్కఱలేదు. బస్సులు బయలుదేరు నొక పేటను కోకా-కోలా యందురు. ఆ కార్ఖానా పోయి యెన్నియో దశాబ్దములైనది. (ఆ పేటలో చీకటిపడిన పిదప ఒంటరిగా నడువరాదు. పగలైనను చేసంచి ముందువైపునకు పెట్టుకొనవలెను. టాక్సీ కావలసినచో, తలుపుపై పసుపు త్రికోణముగల యెఱ్ఱబండి నెక్కి, 'మరీయా' వేయుమనవలెను. మరీయా యనగా అచ్చటి మీటరు.)

మా చెల్లెలి యిల్లు నగరమున కానుకొని తూర్పుననున్న సాన్ పేద్రోలో, 'ఆంతీగ్వో ఇగెరోన్' దగ్గఱ. అనగా పాత మేడిచెట్టు. ఆ మాట కంఠపాఠము చేసికొని బజారునుండి బస్సెక్కితిమి. వానకాలము; ఉదయమంతయు ఎండకాచి, మధ్యాహ్నమునకు కుండపోతగా కురియును. బస్సు దిగునప్పటికి వాన. ఫోనులో శక్తి యయిపోయినది. మేడిచెట్టు కొఱకు నాలుగువైపుల చూచితిమి. అంగళ్లు, తీగెలు, కార్లు, చెట్టుమాత్రము లేదు. తప్పుచోట దిగితిమని మఱి రెండు వీథులు నడచి, తిరిగి యచ్చటికే వచ్చితిమి. దమయంతి అడవిలో చెట్లనడిగినదని చిన్నతనమున చదివితిమి. మాకు అడుగుటకు చెట్టును లేకపోయె.

చీర తడిసి బరువెక్కినది. చలి. ఒక చూరుక్రింద లాటరీచీట్లు అమ్ము ముసలియామె మమ్ము చూచుచున్నది. ఆమెను అడుగుటకు మాకు పావుగంట పట్టినది. చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని నిజము. తుదకు పోయి "ఇగెరోన్?" అంటిమి. ఆమె నవ్వి, మేము నిలిచిన నేలనే చూపి, చెయ్యి అడ్డముగా ఆడించినది. చెట్టు ఇచ్చటనే, ఇప్పుడు లేదు. మేము మూడుమారులు దాటిపోయిన చోటది. పిదప ఆమె చీట్లపలకపై గుడ్డ కప్పి, మా గొడుగులోనికి వచ్చి, చేయిపట్టుకొని రెండు మలుపులు నడిపించినది. మాతో మాటాడినంతసేపును 'ఉస్తేద్' అనియే యన్నది, అనగా 'మీరు'. ఆ దేశమున తల్లులు బిడ్డలనుగూడ అట్లు పిలుచుట కద్దు. గేటువద్ద నిలిచి 'ఊపే!' యని కేక వేసినది. తలుపు తట్టుటకు మాఱుగా అచ్చటివారు వేయు కేక యది. మేము 'గ్రాసియాస్' అంటిమి. "కోన్ మూచో గూస్తో" యని, అనగా మిక్కిలి సంతోషముతో నని, బదులుపలికి వానలోనే మరలిపోయినది.

మఱునాటినుండి మేము తెలిసిన దారియైనను అడుగుచుంటిమి. ఆడపిల్ల పుట్టినది, దానికి రెండవమాసము వచ్చువఱకు నుంటిమి.

ఊరు చేరిన వారమునకు మందుల పొట్లము తెచ్చు కుఱ్ఱవాడు ఫోనుచేసి, ఇల్లెక్కడ అని యడిగినాడు. "చింతచెట్టుకెదురుగా, బాబూ" అంటిమి. పాపమతడు పావుగంట తిరిగినాడట. ఆ చింతచెట్టు మేము కాపురమునకు రాకమునుపే, 1996 తుఫానులో కూలిపోయినది.