సర్కారు మారింది.. ముస్లిం మంత్రి ఏరి?

హైదరాబాద్: డిసెంబర్ 3న మధ్యాహ్నం కల్లా విషయం తేలిపోయింది. తొమ్మిదిన్నరేళ్లు తెలంగాణను ఏలిన కేసీఆర్ సర్కారు దిగిపోయింది. మొత్తం 119 సీట్లలో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, మజ్లిస్‌కు 7, సీపీఐకి 1 వచ్చాయి. డిసెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా, భట్టి విక్రమార్క ఉప ముఖ్యమంత్రిగా, మరో 10 మంది మంత్రులుగా ప్రమాణం చేశారు.

ఈ 12 మందిలో ఒక్క ముస్లిం కూడా లేరు. 2014లో గానీ, 2018లో గానీ కేసీఆర్ ప్రమాణం చేసిన రోజే మహమూద్ అలీ కూడా మంత్రిగా ప్రమాణం చేశారు. తెలంగాణ వచ్చాక ముస్లిం మంత్రి లేకుండా కొలువుదీరిన మొదటి సర్కారు ఇదే. 2011 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.7 శాతం. మార్పు కోసం ఓటేసిన వాళ్లు అప్పుడు ఒకటే అడిగారు: మా వాటా ఏది?

ఏడాది కింద ఎవరూ అనుకోలేదు

ఏడాది వెనక్కి పోతే ఈ ఫలితం ఊహకు కూడా అందేది కాదు. 2018లో టీఆర్ఎస్ 88 సీట్లు గెలిచింది. కాంగ్రెస్‌కు 19 వచ్చాయి గానీ, వాళ్లలో 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. తర్వాత దుబ్బాకలో, హుజూరాబాద్‌లో బీజేపీ గెలిచింది. 2020 గ్రేటర్ ఎన్నికల్లో బీజేపీ 4 డివిజన్ల నుంచి 48కి ఎగబాకింది. 2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నికలో కాంగ్రెస్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు. అప్పట్లో ఏ చాయ్ హోటల్లో విన్నా పోటీ బీఆర్ఎస్‌కూ బీజేపీకీ మధ్యే అన్న మాట వినిపించేది.

2023 మే 13న కర్ణాటకలో కాంగ్రెస్ 135 సీట్లు గెలవడంతో లెక్కలు మారాయి. జులైలో బీజేపీ తన రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్‌ను పక్కన పెట్టింది. అదే నెలలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీ బీఆర్ఎస్‌ను 'బీజేపీ రిష్తేదార్ సమితి' అన్నారు. ముస్లిం బస్తీల్లో ఆ మాట బాగా తిరిగింది. ఎందుకంటే 370 ఆర్టికల్ బిల్లుకు పార్లమెంటులో టీఆర్ఎస్ మద్దతిచ్చిన సంగతి అక్కడి వాళ్లు మర్చిపోలేదు.

మిగతా కోపాలు అందరికీ ఉమ్మడివే. టీఎస్‌పీఎస్సీ పేపర్లు లీకయ్యాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండోసారి కూడా రద్దయింది. అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఊళ్లల్లో ఎమ్మెల్యేల మీద విసుగు ఉన్నా కేసీఆర్ ఆగస్టులో 115 మంది పేర్లు ప్రకటిస్తే, సిట్టింగుల్లో మార్చింది 7 చోట్లే.

రెండు శాతం ఓట్లు, పాతిక సీట్లు

ఇప్పుడు ఓట్ల లెక్క చూద్దాం. కాంగ్రెస్‌కు 39.4 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు పడ్డాయి. అంటే తేడా రెండు శాతం పైచిలుకు. ఓట్లలో చూస్తే 4.8 లక్షలు. 119 నియోజకవర్గాలకు పంచితే సగటున ఒక్కో చోట 4 వేలు. అయినా సీట్లలో తేడా 25 అయింది.

కారణం ఏంటంటే, కాంగ్రెస్ ఓటు కొన్ని జిల్లాల్లో గుంపుగా పడింది. ఉమ్మడి ఖమ్మంలో 10కి 8, నల్గొండలో 12కి 11, మహబూబ్‌నగర్‌లో 14కి 12, వరంగల్‌లో 12కి 10 సీట్లు ఆ పార్టీకే పోయాయి. కాంగ్రెస్ గెలిచిన 64లో 41 ఈ నాలుగు పాత జిల్లాలవే. మరోవైపు హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. అక్కడ మజ్లిస్‌కు 7, బీఆర్ఎస్‌కు 7, బీజేపీకి 1 వచ్చాయి.

ముస్లింల ఓటు ఎంత శాతం ఎటు పోయిందని లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాలెట్ మీద మతం రాసి ఉండదు కాబట్టి అవన్నీ అంచనాలే. కానీ ఒక లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక ఓటరు కారు గుర్తు వదిలి చేతి గుర్తుకు మారితే, ఒకచోట ఒక ఓటు తగ్గి ఇంకోచోట ఒకటి పెరుగుతుంది. అంటే నూటికి ఒక్కరు మారినా రెండు శాతం తేడా వస్తుంది. పడ్డ ఓట్లలోనూ ముస్లింల వాటా 12.7 శాతమే అనుకుంటే, వాళ్లలో ప్రతి 12 మందిలో ఒక్కరు మారితే చాలు, ఈ తేడా మొత్తం వచ్చేసినట్టే. రైతులు, నిరుద్యోగులు కూడా ఇలాంటి లెక్క చెప్పొచ్చు, అదీ నిజమే. కానీ ఇంత సన్నని తేడాతో గెలిచిన పార్టీ ఏ వర్గాన్నీ చిన్నచూపు చూడలేదు.

ఓటుంది, సీటు లేదు

మరి ఆ ఓటుకు తగ్గ సీట్లు ఎందుకు రాలేదు? టికెట్లు ఇచ్చిన తీరులోనే సగం జవాబు ఉంది. కాంగ్రెస్ ముస్లింలకిచ్చిన టికెట్లలో ఎక్కువ భాగం నాంపల్లి, కార్వాన్, చార్మినార్ లాంటి మజ్లిస్ సిట్టింగ్ సీట్లే. బయట గట్టిగా నిలబెట్టింది ఇద్దరిని: నిజామాబాద్ అర్బన్‌లో షబ్బీర్ అలీ, జూబ్లీహిల్స్‌లో అజారుద్దీన్.

షబ్బీర్ అలీది కామారెడ్డి. కేసీఆర్ అక్కడ పోటీకి దిగడంతో ఆ సీటును రేవంత్ రెడ్డికి వదిలిపెట్టి నిజామాబాద్ పోయారు. అక్కడ బీజేపీ అభ్యర్థి చేతిలో 15 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. బీఆర్ఎస్ మూడో స్థానంలో ఉండి కూడా 44 వేలకు పైగా ఓట్లు పట్టుకుపోయింది. కామారెడ్డిలో కేసీఆర్, రేవంత్ ఇద్దరినీ బీజేపీ అభ్యర్థే ఓడించారు. జూబ్లీహిల్స్‌లో అజారుద్దీన్ 16,337 ఓట్లతో ఓడారు. మజ్లిస్ పోటీ వల్లే ఓడారని కొందరు అంటున్నారు గానీ, అక్కడ మజ్లిస్‌కు వచ్చినవి 8 వేల లోపే. అవన్నీ కలిపినా గెలుపు దక్కేది కాదు.

బీఆర్ఎస్‌లో ఉన్న ఒక్క ముస్లిం ఎమ్మెల్యే షకీల్ కూడా బోధన్‌లో 3 వేల తేడాతో కాంగ్రెస్ చేతిలో ఓడిపోయారు. దాంతో అసెంబ్లీలో ముస్లింలు 8 నుంచి 7కు తగ్గారు. ఆ ఏడుగురూ మజ్లిస్ వాళ్లే. మజ్లిస్‌కూ ఈసారి చెమటలు పట్టాయి. యాకుత్‌పురాలో 878 ఓట్లతో, నాంపల్లిలో 2,037 ఓట్లతో గట్టెక్కింది.

సాకు చెల్లదు

గెలిచిన ముస్లిం ఎమ్మెల్యే లేడు కాబట్టి మంత్రి పదవి ఇవ్వలేకపోయామని కాంగ్రెస్ నాయకులు చెప్పుకోవచ్చు. కానీ మహమూద్ అలీ కూడా ఎమ్మెల్యే కాదు, ఎమ్మెల్సీ. అలా ఉండే ఉప ముఖ్యమంత్రి, హోం మంత్రి అయ్యారు. ముందు మంత్రిగా ప్రమాణం చేసి ఆరు నెలల్లోగా సభ్యుడు కావడానికి రాజ్యాంగం వీలిస్తుంది. మంత్రివర్గంలో 18 మందిదాకా ఉండొచ్చు, ప్రమాణం నాటికి ఇంకా 6 కుర్చీలు ఖాళీగా ఉండేవి. బీఆర్ఎస్ సర్కారు పంపిన రెండు పేర్లను గవర్నర్ సెప్టెంబర్‌లో తిరస్కరించారు కాబట్టి, గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ సీట్లూ అప్పట్లో ఉండేవి. దారులైతే ఉండేవి, మనసుందా లేదా అన్నదే అప్పటికి తేలాల్సి ఉండేది.

అయితే ఒక మంత్రి వస్తే అన్నీ వచ్చినట్టు కాదని గత సర్కారే చూపించింది. షాదీ ముబారక్, మైనారిటీ గురుకులాలు పేద ఇళ్లకు నిజంగా పనికొచ్చాయి. గురుకులాల్లో చదివే ఆడపిల్లల తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ మాట ఒప్పుకుంటారు. కానీ ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ అన్న మాట 2017లో అసెంబ్లీలో బిల్లు పాసయ్యాక ఢిల్లీ దాటి రాలేదు. లక్ష రూపాయల మైనారిటీ సాయం ఎన్నికల ముందు గుర్తొచ్చింది.

కాంగ్రెస్‌కూ ఇప్పుడు అదే పరీక్ష. నవంబర్‌లో ప్రకటించిన మైనారిటీ డిక్లరేషన్‌లో ఏటా 4,000 కోట్ల బడ్జెట్, రుణాలకు 1,000 కోట్లు, అధికారంలోకి వచ్చిన ఆరు నెలల్లో కులగణన అని రాసిచ్చింది. బీఆర్ఎస్ సర్కారు 2023-24లో మైనారిటీ సంక్షేమానికి పెట్టింది 2,200 కోట్లు. అంటే దాదాపు రెట్టింపు చేయాలి. పైగా బడ్జెట్‌లో రాయడం వేరు, ట్రెజరీ నుంచి విడుదల కావడం వేరు.

ఆడవాళ్లకు ఉచిత బస్సు డిసెంబర్ 9నే మొదలైంది. చేయాలనుకుంటే రెండు రోజుల్లో చేయొచ్చని సర్కారే చూపించింది. ఇక కొత్త బడ్జెట్‌లో మైనారిటీ పద్దు ఎంతో, మంత్రివర్గం విస్తరణలో ఎవరి పేరుంటుందో అన్నది అప్పటికి చూడాల్సి ఉండేది. ఆరు నెలల గడువు 2024 జూన్ మొదటి వారంతో నిండింది. ఆ లోపే లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఓటు అడగడానికి బస్తీలకు వచ్చే నాయకుల ముందు ఆ డిక్లరేషన్ కాగితం పెట్టి, ఒక్కో లైను చదివి లెక్క అడిగే మోకా అప్పుడు ఓటర్లదే.