చేతకాదని చెప్పబోయి

వికారాబాదులో రైలెక్కేసరికి చేతిలో సంచీతోపాటు నోట్లో ఒక జవాబు కూడా సిద్ధంగా ఉంది: "నాటిక రాయడం నాకు చేతకాదమ్మా" అని. తాండూరులో పంతులమ్మగా ఉన్న మా మేనకోడలు బడిపిల్లల కోసం ఓ నాటిక రాసిమ్మంది. ఇన్నేళ్ళుగా మీకు ఈ కబుర్లు చెబుతున్నాను గాని, పాత్రలచేత మాట్లాడించిన పాపాన పోలేదు. ఈ వయసులో నలుగురిలో నవ్వులపాలు కావడం దేనికి?

సాకులు పేర్చుకుంటూ కూర్చుంటే సురవరం ప్రతాపరెడ్డిగారు గుర్తుకొచ్చారు. ఈ ఊళ్ళన్నీ నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, ఇక్కడ తెలుగు కవులే లేరన్న మాట ఒకటి పుట్టింది. ఆయన 354 మంది కవుల పద్యాలు కూర్చి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి చూపారు. అందులో అందరూ మహాకవులు కారు. కాని "నాదీ ఒక కవిత్వమేనా" అని ఎవరి పద్యం వారు పెట్టెలో దాచుకుని ఉంటే, లేరన్న మాటే నిలిచిపోయేది గదా!

అయినా నా జవాబు మారలేదు. తాండూరులో దిగి ఇంటికి వెళ్ళాను. వసారాలో నాపరాళ్ళ నేలమీద సుద్దముక్కతో పొడుగ్గా గీత గీసి ఉంది. గీత అవతల అయిదారుగురు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు.

"స్టేజీ తయారైంది మామయ్యా. ఇగ మాటలే కావాలె," అంది మేనకోడలు.

నా జవాబు గొంతులోనే ఉండిపోయింది. ధైర్యం వచ్చాక రాద్దామనుకుంటే అది ఎన్నటికీ రాదు. ఆ రాత్రే మొదటి మాట రాశాను. బాగుందో లేదో పిల్లలే చెబుతారు.