మనసు లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

నల్లమాడ మండలంలో ఒక పల్లె. దిగులుతో మంచం పట్టి లేచిన ఒక స్త్రీకి, మనలాంటి కార్యకర్తే సంఘం సమావేశంలో ఒక కాగితం ఇచ్చింది. రోజూ పడుకునే ముందు, ఆ పూట మనసెలా ఉందో 0 నుంచి 10 దాకా ఒక అంకె వేయమంది. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రోజూ రాస్తే బోరులో నీళ్లు పడతాయా మేడం?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ పద్ధతి పనికిరాదని నేననడం లేదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మంచి రోజులు గుర్తుండవు. ఏ రోజుకారోజు గుర్తు పెట్టుకుంటే, అక్కతో మాట్లాడిన రోజు కాస్త తేలికైందనీ, అప్పులవాడు వచ్చిపోయిన రాత్రి నిద్ర పట్టలేదనీ ఆమెకే తెలుస్తుంది. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులు శిక్షణ పొంది, మనసుకు ఊరటనిచ్చే పనులను మెల్లగా పెంచుకునేలా డిప్రెషన్ రోగులకు తోడ్పడ్డారు. 6 నుంచి 8 సార్లు కూర్చుని మాట్లాడారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవారికంటే వీళ్లు ఎక్కువగా కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అక్కడ వినడానికి ఒక మనిషి ఉంది. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చింది.

మరి మన దగ్గర? 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో దిగులు గురించి 2 ప్రశ్నలున్నాయి. మార్కులు ఎక్కువొస్తే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్తే అక్కడ వినేవారున్నారా? మందులున్నాయా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దానికి నమూనా తయారైంది మన పొరుగునున్న బళ్లారి జిల్లాలోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, ప్రభుత్వం నడిపే సేవల్లో చికిత్సను హక్కుగా గుర్తించింది. ఆ హక్కు అడగకుండా చేతికి కాగితమిచ్చి ఊరుకుంటే, కోలుకోకపోవడం కూడా ఆమె తప్పే అవుతుంది.

ఇంకో ప్రమాదముంది. ఆ కాగితం ఇంట్లో ఎవరి కంటబడుతుంది? హిందూ వివాహ చట్టంలో నయంకాని మతిస్థిమితం లేనితనం విడాకులకు ఒక కారణం. డిప్రెషన్ అది కాదు. కానీ "దీనికి పిచ్చి, ఇదిగో దీని రాతే సాక్ష్యం" అని ఊరందరికీ చూపించడానికి భర్తకు చట్టమక్కర్లేదు. మనమూ తక్కువ తినలేదు. నిధులిచ్చే సంస్థలకు పంపే నివేదికల్లో ఆమె అంకెలను పట్టికలుగా వేస్తాం. ఆమెను అడిగామా?

"ఈరోజు 2" అంటే ఏమిటి? శెనక్కాయ పంట ఎండిపోయిందా, భర్త బెంగళూరు వలసపోయి డబ్బు పంపలేదా, తాగొచ్చి కొట్టాడా? అంకె పక్కన కారణం లేకపోతే కరువూ, అప్పూ, హింసా ఆమె మనసులోని జబ్బుగా మారిపోతాయి.

అందుకే మన సంఘాల్లో కొన్ని నియమాలు పెట్టుకుందాం. లెక్క ఆమెది. చూపించడం, చించేయడం ఆమె ఇష్టం. చదువు రానివారికి రెండు ముంతలు, గుప్పెడు చింతపిక్కలు చాలు. రోజూ తూకం వేసుకోవడంతో దిగులు పెరుగుతుంటే ఆపేద్దాం. చచ్చిపోవాలనిపిస్తోందంటే వారం ఆగొద్దు. ఆమెను ఒంటరిగా వదలకుండా, 14416 టెలిమానస్‌కు ఫోను చేసి, ఆస్పత్రికి మనమే తోడు వెళ్దాం. వారానికోసారి వచ్చి కూర్చునే మనిషి లేనిదే ఎవరికీ కాగితం ఇవ్వొద్దు. కారణాల్లో అప్పుంటే బ్యాంకు దగ్గరకు, దెబ్బలుంటే పోలీసు స్టేషనుకు సంఘం కదలాలి.

రాస్తే బోరులో నీళ్లు పడవు. ఆ మాట ఆమెకు నిజాయితీగా చెప్పి, ఆ తర్వాత ఆమె పక్కన కూర్చునే ఓపిక మనకుందా?