క్వాలిఫై అయితే చాలా? లా ఎంట్రన్స్ రాయబోయే ఆదివాసీ యువతకు



ఇంటర్ పూర్తి చేసిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, డిగ్రీ అయిపోయి ఊళ్ళో ఉన్న అన్నలు, అక్కలు లా చదవాలనుకుంటున్నారు. మంచి మాట. కానీ దాని వెంటే ఇంకో మాట కూడా వినబడుతోంది. "మనకు ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా, క్వాలిఫై అయితే చాలు, సీటు అదే వస్తుంది" అని. ఈసారి ఈ మాట గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇది మనల్ని పరీక్ష హాల్లో మాత్రమే కాదు, రేపు కోర్టు హాల్లో కూడా వెనక్కి లాగే మాట.

ముందు లెక్క చూడండి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో లాసెట్ 120 మార్కులకు జరుగుతుంది. మిగతావాళ్ళకు అర్హత 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. రాసిన ప్రతి ఒక్కరికీ ర్యాంకు వస్తుంది. ఇది మన హక్కు, ఎవరి దయా కాదు. కానీ ఏ కాలేజీలో సీటు వస్తుందో తేల్చేది ర్యాంకే. రోజూ క్లాసులు జరిగి, లైబ్రరీ ఉండి, మూట్ కోర్టులో నిలబెట్టి మాట్లాడించే కాలేజీ వేరు. ఏడాదికోసారి ఫీజు కట్టి పరీక్షలకు మాత్రమే వెళ్ళే కాలేజీ వేరు. రెండు చోట్లా వచ్చేది లా డిగ్రీయే. జడ్జి ముందు నిలబడ్డప్పుడు తేడా తెలుస్తుంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యమైంది. రిజర్వుడ్ వర్గం విద్యార్థి తన సొంత మార్కులతో ఓపెన్ సీటుకు వస్తే, ఆ సీటును ఓపెన్‌లోనే లెక్కపెట్టాలి. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తున్న సూత్రం ఇది. 2024లో మధ్యప్రదేశ్ మెడికల్ సీట్ల కేసులోనూ మళ్ళీ అదే చెప్పింది. అంటే మీరు గట్టిగా చదివి ఓపెన్ ర్యాంకు తెచ్చుకుంటే, ఎస్టీ సీటు ఒకటి మిగులుతుంది. మీ వెనకాల గురుకులంలో చదువుతున్న ఇంకో చెల్లికి అది దక్కుతుంది. మంచి స్కోరు మీ ఒక్కరి గొప్ప కాదు, రెండు ఇళ్ళకు దీపం.

సరే, మంచి స్కోరు ఎలా వస్తుంది? ముందు ఆ పరీక్ష ఏం అడుగుతుందో తెలియాలి.

ఇంటర్ తర్వాత జాతీయ లా యూనివర్సిటీల్లో ఐదేళ్ళ కోర్సుకు రాసేది క్లాట్. హైదరాబాద్‌లోని నల్సార్‌కీ, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకీ దారి అదే. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ఒక తప్పుకు పావు మార్కు పోతుంది. రాసేది పెన్నుతో, ఓఎంఆర్ షీటు మీద. ఎస్టీలకు ఇంటర్‌లో 40 శాతం ఉంటే చాలు, వయసు పరిమితి లేదు. లీగల్ రీజనింగ్‌కు 28 నుంచి 32 ప్రశ్నలు, కరెంట్ అఫైర్స్‌కు కూడా అన్నే. ఇంగ్లిష్‌కు, లాజికల్ రీజనింగ్‌కు చెరో 22 నుంచి 26. లెక్కలు 10 నుంచి 14. అన్నీ పాసేజీలే. ఒక్కోటి సుమారు 450 పదాల దాకా ఉంటుంది. అది చదివి, దాని కింద ఉన్న ప్రశ్నలకు జవాబు పెట్టాలి.

చాలామంది భయపడేది లీగల్ రీజనింగ్‌కు. "మనకు చట్టాలు తెలియవు కదా" అంటారు. అక్కడ చట్టం తెలిసి ఉండక్కర్లేదు. సూత్రాన్ని వాళ్ళే ఇస్తారు, ఒక సంఘటన చెబుతారు, ఆ సూత్రం దీనికి వర్తిస్తుందా లేదా అని అడుగుతారు. చూస్తున్నది మీ చదివే తీరును మాత్రమే. మనకు బాగా తెలిసిన 1/70 చట్టంతోనే అభ్యాసం చేద్దాం.

సూత్రం ఇదనుకోండి: షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని ఏ వ్యక్తి అయినా, గిరిజనుడైనా కాకపోయినా, ఇంకొకరికి బదిలీ చేస్తే చెల్లదు. గిరిజనుడికి గానీ, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి గానీ చేస్తేనే చెల్లుతుంది.

మొదటి ప్రశ్న. ఏజెన్సీలో ఒక గిరిజనేతర వ్యాపారి తన ఇంటిస్థలాన్ని ఇంకో గిరిజనేతరుడికి అమ్మాడు. ఇద్దరికీ ఇష్టమే, డబ్బు చేతులు మారింది. చెల్లుతుందా? "ఇందులో గిరిజనుడే లేడు, ఈ చట్టంతో పనేంటి" అనుకుని చెల్లుతుందని పెట్టేవాళ్ళు ఎక్కువ. తప్పు. సూత్రంలో "గిరిజనుడైనా కాకపోయినా" అని ఉంది. ఆ రెండు మాటలు దాటేసి చదివితే మార్కు పోతుంది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలను కూడా ఆపడం రాజ్యాంగబద్ధమేనని పి. రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

రెండో ప్రశ్న. పదకొండు మంది సభ్యులున్న సొసైటీకి భూమి ఇచ్చారు. పది మంది గిరిజనులు, ఒకరు కాదు. చెల్లుతుందా? చెల్లదు. "కేవలం" అన్న మాట ఉంది కాబట్టి. "ఎక్కువమంది మనవాళ్ళే కదా" అని మనసుకు అనిపిస్తుంది. పరీక్ష మీ మనసును అడగదు, సూత్రాన్ని అడుగుతుంది.

మూడో ప్రశ్న. ప్రభుత్వమే తన భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకిచ్చింది. సూత్రంలో "ఏ వ్యక్తి అయినా" అని ఉంది. ప్రభుత్వం వ్యక్తేనా? ఇది ఊహించి రాసిన ప్రశ్న కాదు. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద నడిచిన సమత కేసు ఇదే. ప్రభుత్వం కూడా "వ్యక్తి" కిందికే వస్తుంది, అందుకని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవు అని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. ఒక్క మాటకు ఏ అర్థం చెప్పుకోవాలన్న దాని మీద కొండలు నిలబడ్డాయి.

క్లాట్‌లో 450 పదాల పాసేజీ ఇచ్చి కొలిచేది ఈ చదువునే. అందుకే స్కోరు కోసం చేసే కష్టం పరీక్షతో అయిపోదు. ఒక్క మాట కూడా వదలకుండా చదవడం నేర్చుకున్నవాళ్ళే రేపు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో మన ఊరి ఎల్టీఆర్ కేసు వాదించగలరు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే అని 1/70 చెబుతోంది. ఈ ముక్క తెలియక, రుజువులు తెమ్మంటే వెనక్కి తిరిగొచ్చిన ఇళ్ళు ఎన్నో మీ ఊళ్ళోనే అడిగి చూడండి.

ఇప్పుడు ఇంగ్లిష్ సంగతి. క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌కు వచ్చిన పిల్లలకు ఇది మూడో భాష. కాన్వెంట్ పిల్లలతో ఒకే గడియారం పెట్టి పరిగెత్తించడం న్యాయం కాదు. ప్రాంతీయ భాషల్లోనూ క్లాట్ పెట్టాలని ఢిల్లీ హైకోర్టుకు పిటిషన్ కూడా వెళ్ళింది. ఆ డిమాండ్ మనదీ. కానీ డిమాండ్ నెరవేరేదాకా చదువు ఆపుకుని కూర్చోలేం.

ఇలా చేయండి. ఒక విషయాన్ని ముందు తెలుగు పేపర్లో చదవండి. అదే రోజు అదే విషయం మీద ఇంగ్లిష్ పేపర్లో వచ్చిన సంపాదకీయం చదవండి. సంగతి ముందే తెలుసు కాబట్టి భాష మీద దృష్టి నిలుస్తుంది. రోజుకు ఒక్కటి చాలు, కానీ ఒక్క రోజూ తప్పకూడదు. చదివాక పుస్తకం మూసి, రాసినవాడు ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు అని రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. తెలుగులో రాసినా పర్లేదు. రాజ్యాంగాన్ని తెలుగు ప్రతి, ఇంగ్లిష్ ప్రతి పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఐదో షెడ్యూల్, 14 నుంచి 32 వరకు అధికరణలు, 244వ అధికరణతో మొదలెట్టండి. పదాలు బట్టీ పట్టే పుస్తకాల కంటే ఇది మేలు. సిగ్నల్ దొరికిన చోట పీడీఎఫ్‌లు దించి పెట్టుకోండి, ఊళ్ళో సిగ్నల్ లేకపోయినా చదువు ఆగదు.

కరెంట్ అఫైర్స్‌కు పరీక్షకు ముందు ఏడాది వార్తలు పట్టుకోండి. వార్త ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. దాని వెనక చట్టం ఏది, సంస్థ ఏది, ఎప్పుడు మొదలైంది అన్నవి కూడా రాసుకోండి. అటవీ హక్కుల చట్టం మీద వార్త వస్తే, అది 2006 చట్టమని, పెసా 1996దని, నియమగిరిలో గ్రామసభలు నిర్ణయించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పిందని, 12 గ్రామసభలూ గనులు వద్దన్నాయని గుర్తుండాలి. మనకు ఇవి మన బతుకు, గుర్తుపెట్టుకోవడం తేలికే.

లెక్కలు వదిలేయకండి. శాతాలు, నిష్పత్తులు, సగటులు, గ్రాఫులు. అంతా పదో తరగతి స్థాయే. రోజుకు అరగంట చాలు. "మాకు మాథ్స్ రాదు" అని పది మార్కులు ఊరికే వదులుకోకూడదు.

తర్వాత పాత పేపర్లు. లా యూనివర్సిటీల కన్సార్షియం వెబ్‌సైట్‌లో వెతకండి. ఇటీవలి ఏళ్ళలో క్లాట్ డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు జరుగుతోంది. మీరూ అదే వేళకు, గడియారం పెట్టుకుని, కాగితం మీద గుండ్రాలు దిద్దుతూ రాయండి. పేపర్ రాయడానికి రెండు గంటలు పడితే, దిద్దుకోవడానికి నాలుగు గంటలు పెట్టండి. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: తెలియక పోయిందా, సరిగ్గా చదవక పోయిందా, తొందరలో పోయిందా? నాలుగైదు పేపర్లు అయ్యేసరికి మీ జబ్బేంటో మీకే తెలుస్తుంది.

నెగెటివ్ మార్కుల లెక్క కూడా చేతిలో ఉండాలి. 100 రాసి 80 ఒప్పు, 20 తప్పు అయితే వచ్చేది 75. 90 రాసి 80 ఒప్పు, 10 తప్పు అయితే 77.5. నాలుగు జవాబుల్లో రెండు తప్పని తేలితే మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టండి, లాభమే. ఏదీ తేలకపోతే దాటి వెళ్ళండి.

లాసెట్ రాసేవాళ్ళకు తేడాలున్నాయి. తెలుగులో రాయొచ్చు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. కానీ 120 ప్రశ్నలకు 90 నిమిషాలే, ఒక్కోదానికి 45 సెకన్లు. ఇక్కడ సగం మార్కులు, అంటే 60, న్యాయశాస్త్ర అభిరుచికి. ఇందులో రాజ్యాంగం, చట్టాల ప్రాథమిక విషయాలు నేరుగా అడుగుతారు. క్లాట్ లాగా సూత్రం ఇస్తారని కూర్చోవద్దు, చదివి వెళ్ళాలి.

కాగితాలు, డబ్బుల పని ముందే చూసుకోండి. కుల, స్థానిక, ఆదాయ సర్టిఫికెట్ల కోసం ఆఖరి వారంలో ఆఫీసుల చుట్టూ తిరిగితే చదువు పాడవుతుంది. క్లాట్ ఫీజు ఎస్టీలకు ఇటీవల 3,500 రూపాయలు. ఒక కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. దీన్ని ఐటీడీఏలు కట్టాలని అడగాలి. ఇంజనీరింగ్, మెడిసిన్‌కు కోచింగ్ ఉన్నట్టే గురుకులాల్లో, ఏకలవ్య పాఠశాలల్లో లా ఎంట్రన్స్‌కూ కోచింగ్ ఎందుకు ఉండకూడదని కూడా అడగాలి. జాతీయ లా యూనివర్సిటీల్లో ఏడాది ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. మీరు ఎంచుకునే యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్లు పెట్టే ముందే చూడండి. చదువయ్యాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి.

చివరిగా ఒక్క సంగతి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. డీఎస్సీ కోసం ఏళ్ళుగా చదివిన మనవాళ్ళకు ఆ దెబ్బ ఎలా తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ కేసులో వాదనంతా ఐదో షెడ్యూల్‌లోని కొన్ని మాటల చుట్టూ, గవర్నర్ అధికారం ఎంతవరకు అన్న దాని చుట్టూ తిరిగింది. సమతలో ఒక మాట మనల్ని కాపాడింది. ఇక్కడ మాటలే మన చేతిలోంచి జారిపోయాయి. రేపు మళ్ళీ అలాంటి కేసు వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఆ రోజు మన ఊరి సంగతి, మన భాష, చట్టంలోని ప్రతి మాట తెలిసిన మనిషి నల్లకోటు వేసుకుని ముందు వరుసలో ఉండాలి.

ఆ మనిషి మీరే కావచ్చు. కాబట్టి క్వాలిఫై అయితే చాలు అనుకోవద్దు. ఈ రోజే ఒక పాత పేపర్ తీయండి, గడియారం పెట్టుకోండి, మొదటి పాసేజీ చదవండి. ఒక్క మాట కూడా వదలకుండా.

జోహార్.